ఎర్ర బల్బు వెలిగినంతసేపు

నా హార్డ్ డిస్కులో ఒక ఆడియో ఫైలు ఉంది. నిడివి 20 నిమిషాల 40 సెకన్లు. 11వ నిమిషం దాటాక అందులో ఒక చప్పుడు వినిపిస్తుంది. పెద్దదేం కాదు, దూరంగా ఏదో మెత్తగా పడినట్టు. ఆ తర్వాత రెండు సెకన్లు నేనేం మాట్లాడను. గొంతు సవరించుకుని అదే వాక్యాన్ని మళ్లీ మొదటి నుంచి అందుకుంటాను. ఇంకో తొమ్మిది నిమిషాలు మాట్లాడతాను. బాగానే మాట్లాడతాను. యూట్యూబులో ఉన్న వీడియోలో మాత్రం ఆ చప్పుడు లేదు. ఎడిటింగులో కోసేశాను.

దాని గురించి చెప్పాలంటే ముందు గది గురించి చెప్పాలి.

మాది ఐనవిల్లి. వినాయకుడి గుడి ఉన్న ఐనవిల్లే. పరీక్షల ముందు స్వామి దగ్గర పెన్నులు పెట్టి పూజ చేసి పిల్లలకి పంచుతారు, ఆ ఊరు. హైదరాబాదులో ఉద్యోగం చేసినన్నాళ్లూ నా స్టూడియో అంటే హాస్టల్ మంచం, ఒక దుప్పటి. రాత్రి రెండు దాటాక దుప్పటి ముసుగేసుకుని, ఫోను నోటి దగ్గర పెట్టుకుని తెలుగు కథల గురించి మాట్లాడేవాణ్ని. రూమ్మేటు నిద్రలో గురక పెడితే ఆగేవాణ్ని, గురక ఆగితే మొదలుపెట్టేవాణ్ని. అక్కడ నిశ్శబ్దం నాకు రాత్రి ఇచ్చింది, ఎవర్నీ అడగలేదు. ఈ సంగతి అప్పుడు నాకు తట్టలేదు.

ఇంటి నుంచే పని చేసుకోవచ్చని ఆఫీసువాళ్లు అన్నాక ఊరొచ్చేశాను. ఇంట్లో అమ్మ, మామ్మ. మామ్మంటే నాన్నగారి తల్లి. తాతయ్య పోయాక ఖాళీగా ఉన్న ఆయన గది తీసుకున్నా. మంగుళూరు పెంకుటిల్లు, మట్టి గోడల మీద సిమెంటు పూత, పెరటి వైపు ఒక కిటికీ. కిటికీ అవతల కొబ్బరిచెట్లు. వీడియోలో ఎంత బాగుంటుందో అని మురిసిపోయాను. కోనసీమ కిటికీకి లైకులు వాటంతటవే వస్తాయి.

ఓఎల్ఎక్స్‌లో కొన్న పాత కెమెరా, ఒక కాలరు మైకు, రెండు ఎల్ఈడీ లైట్లు, ట్రైపాడు. ఇక్కడి తేమకి లెన్సు లోపల బూజు పడుతుందని ఎవరో చెబితే, గాలి దూరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో కెమెరాని పడుకోబెట్టేవాణ్ని. మేలో ఫ్యాను ఆపి రికార్డు చెయ్యడమంటే ఏంటో కోనసీమవాళ్లకి చెప్పక్కర్లేదు. ఇవన్నీ డబ్బుతోనో ఓపికతోనో తీరిపోయే కష్టాలు.

తీరనిది చప్పుడు.

కొత్తగా స్టూడియో పెట్టుకునేవాళ్లందరూ చేసే తప్పే నేనూ చేశాను. గోడలకి ఫోము అతికిస్తే బయట చప్పుళ్లు ఆగిపోతాయనుకున్నా. ఫోము ఎందుకు, ఇంట్లో ఉన్నవే చాలని మామ్మ పాత చీరలతో కుట్టిన బొంతలు మూడు దణ్ణేలకి వేలాడదీశాను. పెరట్లో గుట్టగా పడున్న కొబ్బరి పీచు తెచ్చి, చెక్క ఫ్రేముల్లో కూరి, పైన గుడ్డ బిగించి పలకలు చేశాను. పనిచేశాయి. గదిలో చప్పట్లు కొడితే వచ్చే ఖంగుమనే ప్రతిధ్వని పోయింది, గొంతు దగ్గరగా, నిండుగా వినిపించింది. కానీ పక్కింటి కోడి మాత్రం నా పక్కనే కూర్చుని కూసినట్టే కూసింది.

తర్వాత చదివి తెలుసుకున్నా. గది లోపల పుట్టిన చప్పుడుని మింగడం వేరు, బయటి చప్పుడుని రానివ్వకపోవడం వేరు. మొదటిదానికి బొంతలు, పీచు, ఫోము లాంటి మెత్తనివి సరిపోతాయి. రెండోదానికి బరువు కావాలి. గోడ బరువు రెట్టింపు చేస్తే సుమారు ఆరు డెసిబెల్స్ తగ్గుతాయి, ఇంకో ఆరు కావాలంటే ఆ బరువు మళ్లీ రెట్టింపు. దానికి తోడు ఎక్కడా సందు ఉండకూడదు. గాలి దూరేచోట చప్పుడూ దూరుతుంది. పెంకుటింట్లో సందు ఉండకూడదంటే ఇక అది పెంకుటిల్లే కాదు. పెంకుల మధ్య నుంచి గాలి ఆడాలనే ఈ ఇల్లు కట్టారు.

అంటే లెక్క ఏం తేలిందంటే, నా గోడలు నాకు నిశ్శబ్దం ఇవ్వలేవు. ఇక ఇవ్వాల్సింది మనుషులు.

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్తాను, ఇది నా ఒక్కడి గోల కాదు కాబట్టి. 1920ల్లో సి. పుల్లయ్యగారు కాకినాడలో తన ఇంట్లోనే ‘మార్కండేయ’ మూకీ తీశారు. యముడి వేషం కూడా ఆయనే. నాకు తెలిసినంతలో మన గోదావరి జిల్లాల మొదటి హోమ్ స్టూడియో అదే. మూకీ కాబట్టి వంటింట్లో గిన్నెలు మోగినా, వీధిలో బండి వెళ్లినా నష్టం లేదు. ఆ ఇంట్లో షూటింగు జరుగుతుంటే చుట్టూ ఎంత సందడిగా ఉండి ఉంటుందో ఊహించుకుంటుంటాను. తర్వాత మాటలొచ్చాయి. 1932లో ‘భక్త ప్రహ్లాద’ బొంబాయిలో తీశారు. పుల్లయ్యగారే 1933లో ‘సతీ సావిత్రి’, 1934లో ‘లవకుశ’ తీసింది కలకత్తాలో. 1936 నాటికి రాజమండ్రిలో నిడమర్తి సూరయ్యగారు దుర్గా సినీటోన్ పెట్టారు గానీ అది ఎక్కువకాలం నిలవలేదు. సినిమా ఇల్లు వదిలిపోవడానికి డబ్బు, యంత్రాలు, లాబొరేటరీలు, చాలా కారణాలున్నాయి. వాటిలో ఒకటి మైకు. మైకు వచ్చాక ఇల్లు పనికిరాకుండా పోయింది. మందపాటి గోడల మధ్య, డబ్బు పెట్టి కట్టిన నిశ్శబ్దం అవసరమైంది.

దాదాపు వందేళ్ల తర్వాత ఫోను పుణ్యమా అని మనం మళ్లీ ఇంటికొచ్చాం. కెమెరాతో పాటు మైకునీ తెచ్చుకున్నాం. ఆ గోడల్ని మాత్రం తేలేదు.

మనుషుల్ని అడగడం ఎలా మొదలైందో చెబుతాను. మొదట అమ్మని. “కుక్కరు విజిల్ పది నిమిషాలు ఆగాక వెయ్యమ్మా.” కుక్కరు విజిల్‌ని అమ్మ మాత్రం ఏం చేస్తుంది, స్టవ్ ఆపేసింది. తర్వాత మిక్సీ. తర్వాత పంపు కింద గిన్నెలు. నెల తిరిగేసరికి ఇంట్లో వంట టైమింగు మారిపోయింది. నా రికార్డింగు మధ్యాహ్నం మూడు నుంచి నాలుగు. ఆ గంటా అమ్మ పక్కింటి పిన్నిగారింటికి వెళ్లి కూర్చోవడం మొదలుపెట్టింది. వెళ్లమని నేను అనలేదు. ‘ఉంటే ఏదో ఒక చప్పుడు చేస్తాన్రా’ అని తనే వెళ్లేది. నాకది సౌకర్యంగా ఉంది కాబట్టి, తనకీ సరదాగా ఉందేమో అనుకున్నా. అనుకోవడం తేలిక.

ఒకరోజు పెరట్లో కొబ్బరి వలుపు జరుగుతోంది. నేలలో పాతిన గునపం మీద కాయ గుచ్చి, మెలితిప్పి, పీచు ఊడదీస్తుంటే వచ్చే ఆ చప్పుడు వినే ఉంటారు, చాలా తృప్తిగా ఉంటుంది. మైకుకి మాత్రం కాదు. నేను వెళ్లి ఒక్క గంట ఆపుతారా అని అడిగాను. పెద్దాయన “ఆయ్, దాందేవుందండి” అని గునపం వదిలి నీడకి వెళ్లాడు. ఆయనతో ఉన్న ఇద్దరూ వెళ్లారు. గంట తర్వాత గుర్తొచ్చింది, వాళ్లకి కూలి రోజుకి కాదు, కాయల లెక్కన. ఆ గంటలో ఎన్ని కాయలు వలిచేవారో అడిగి ఆ డబ్బు ఇచ్చాను. మొహమాటపడ్డాడు గానీ తీసుకున్నాడు. తీసుకోవాలి కూడా.

మామ్మ విషయంలో జరిగినదానికంటే ఇది నయమని ఇప్పుడనిపిస్తుంది. ఆయన దగ్గర నేను కొన్న నిశ్శబ్దానికి ఒక ధర ఉంది, ఒక గడియారం ఉంది. నాలుగు కొట్టగానే గునపం మళ్లీ మోగింది, మేం ఇద్దరం ఒకరికొకరం బాకీ లేం. ఇంట్లోవాళ్లు ఇచ్చే నిశ్శబ్దానికి ధర లేదంటాం గొప్పగా. ధర లేనిదానికి కొలత కూడా ఉండదు.

నేను ఎవర్ని అడగలేదో కూడా చెప్పాలి. ఊళ్లో పెళ్లికి డీజే పెట్టినవాళ్లని అడగలేదు. ఎన్నికల ప్రచారం ఆటోని అడగలేదు. మోటారు సైకిలుకి సైలెన్సరు పీకేసి తిరిగే కుర్రాణ్ని అడగలేదు. వాళ్లు చప్పుడు చేస్తే నేనే ఆగాను. నేను ఆపగలిగింది అమ్మని, మామ్మని, కూలికొచ్చినవాళ్లని. వరసగా రాసుకుంటే సిగ్గేసింది.

థామస్ కార్లైల్ అనే స్కాటిష్ రచయిత ఉండేవాడు, లండన్‌లో చెల్సీలో ఇల్లు. పక్కిళ్ల కోళ్లు, పియానోలు ఆయన్ని రాసుకోనిచ్చేవి కావు. 1853లో ఇంటి పైకప్పు మీద చప్పుడు దూరని గది ఒకటి కట్టించుకున్నాడు. జంట గోడలు, పైనుంచి వెలుతురు. తీరా చేస్తే దగ్గరి చప్పుళ్లు కాస్త తగ్గి, అంతకుముందు ఎన్నడూ వినపడని దూరపు కూతలూ గంటలూ వినపడ్డాయట. నా పీచు పలకలు గుర్తొచ్చి నవ్వుకున్నా. నవ్వు ఆగిపోయింది ఇంకో సంగతి చదివాక. పక్కింటివాళ్లని బతిమాలి, బేరమాడి ఆ కోళ్ల నోళ్లు మూయించే పని ఎప్పుడూ ఆయన భార్య జేన్‌దే. జేన్ రాసిన ఉత్తరాలు ఈరోజు చదివినా ప్రాణంతో ఉంటాయి. కార్లైల్‌కి దొరికినంత నిశ్శబ్దం ఆవిడకి దొరికి ఉంటే ఏం రాసేదో. ప్రూస్టు 1910లో పడగ్గది గోడలకి బెరడు పలకలు కొట్టించాడు, మన పీచు లాంటిదే. అయినా ఆ గదిని నిశ్శబ్దంగా ఉంచింది బెరడు ఒక్కటే కాదు, ఆయన గంట కొడితే తప్ప లోపలికి రాని సెలెస్ట్ అనే పనిమనిషి కూడా. సాహిత్యంలో మనం ఏకాంతం అని మెచ్చుకునేదాని తలుపు అవతల తరచుగా ఒక మనిషి మునివేళ్ల మీద నడుస్తూ ఉంటుంది.

ఇప్పుడు బల్బు సంగతి.

మామ్మకి చెవుడు. పూర్తిగా కాదు, కుడి చెవి కొంచెం పనిచేస్తుంది. చెవుడున్నవాళ్లకి తమ గొంతు తమకి వినపడదు కాబట్టి గట్టిగా మాట్లాడతారు. మా మామ్మ మామూలుగా ‘కాఫీ’ అంటే వీధి చివరికి వినపడుతుంది. రికార్డింగు మొదలయిందని ఆవిడకి నెమ్మదిగా చెబితే వినపడదు, గట్టిగా చెబితే నా గొంతు పాడవుతుంది. అందుకని దేవుడి గూట్లో ఒకప్పుడు వెలిగే జీరో వాట్ ఎర్ర బల్బు తెచ్చి నా గది గుమ్మం పైన పెట్టాను. సినిమా స్టూడియోల్లో ఉన్నట్టు. “మామ్మా, ఇది వెలుగుతున్నంతసేపు చప్పుడు చెయ్యకూడదు” అని సైగలతో చెప్పాను. పిల్లాడి ఆట చూసినట్టు నవ్వి, తలూపింది.

చాలా బాగా పాటించింది. వెలిగితే నోరు మూసుకునేది. ఒకసారి నేను బల్బు ఆపడం మర్చిపోయి అమలాపురం వెళ్లిపోయాను. సాయంత్రం ఏడింటికి వచ్చేసరికి మామ్మ వసారాలో అలాగే కూర్చుని ఉంది. అమ్మ చెప్పింది, మధ్యాహ్నం నుంచి సైగలతోనే సరిపెట్టిందని. అందరం నవ్వాం. ఆ సంగతి ఒక వీడియోలో కూడా చెప్పాను, కింద గుండె బొమ్మలు చాలా పెట్టారు. అప్పుడే నాకు తెలియాల్సింది.

ఆ రోజు నేను ఒక కథ గురించి మాట్లాడుతున్నాను. ఏ కథో చెప్పను, చెబితే మరీ కల్పించినట్టుంటుంది. చెవుల్లో ఇయర్‌ఫోన్స్, వాటిలో నా గొంతు నాకే. 11వ నిమిషం దాటాక ఆ చప్పుడు వినిపించింది. కొబ్బరికాయ పడిందనుకున్నా. మా ఇంట్లో రోజుకొకటైనా పడుతుంది, అది అసలు చప్పుడు కిందే లెక్క కాదు. రెండు సెకన్లు ఆగాను. ఎందుకు ఆగానో కచ్చితంగా గుర్తుంది. ఏమైందోనని కాదు. మళ్లీ ఇంకో కాయ పడి వాక్యం పాడుచేస్తుందేమోనని. పడలేదు. వాక్యం మళ్లీ చెప్పాను.

తొమ్మిది నిమిషాల తర్వాత తలుపు తీస్తే, పెరటి గుమ్మం దగ్గర మామ్మ కింద కూర్చుని ఉంది. ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకుని, కుడి చేత్తో దాన్ని పట్టుకుని. చీర అంచు తడిసింది. చూపు మాత్రం నా గుమ్మం పైన. నేను స్విచ్చి ఆపి ఆవిడ దగ్గరికి పరిగెత్తాను.

“అయిపోయిందా?” అంది. మెల్లగా. ఆవిడ అంత మెల్లగా మాట్లాడగలదని నాకు తెలీదు.

మణికట్టు ఎముక చిట్లింది. ఆరు వారాలు కట్టు. ఆ వయసులో తుంటి విరగనందుకు సంతోషించాలన్నారు డాక్టరుగారు, సంతోషించాం. అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. పక్కింటికి వెళ్లినందుకు తనని తాను తిట్టుకుంది.

హైదరాబాదులో ఉన్న స్నేహితుడికి చెబితే, ఇది ప్రమాదం, నువ్వేదో నేరం చేసినట్టు మాట్లాడకు అన్నాడు. పని చేసుకునేవాడికి నిశ్శబ్దం అవసరం, మన ఇళ్లల్లో ఎంసెట్‌కి చదివే పిల్లలుంటే ఏడాదిపాటు టీవీ కట్టేస్తారు, దాన్ని ఎవరూ హింస అనరు కదా అన్నాడు. ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు పట్టుకుంది, ఎందుకంటే అతనన్నది నిజం. ఐనవిల్లిలో పూజ చేసిన పెన్ను పట్టుకుని నేను చదువుకున్నప్పుడూ ఈ ఇల్లు ఇలాగే నోరు నొక్కుకుంది. మామ్మ అప్పుడూ ఉంది. మరి అప్పటికీ ఇప్పటికీ తేడా ఏంటి?

నా పని చదువంత ముఖ్యం కాదనేది ఒక జవాబు. కానీ అది తప్పించుకోవడమే. కథల గురించి మాట్లాడటం నాకు ముఖ్యమే, దాన్ని తక్కువ చేసి తప్పు ఒప్పుకుంటే అది ఒప్పుకోవడం కాదు.

నాకు తోచింది ఇది. నేను చదువుకునేటప్పుడు తలుపు తీసే ఉండేది. మామ్మ లోపలికొచ్చి పాలు పెట్టి వెళ్లేది. ఇంట్లోవాళ్లు నాకిచ్చిన నిశ్శబ్దం వాళ్ల చేతుల్లోనే ఉండేది, ఎప్పుడు కావాలంటే అప్పుడు వెనక్కి తీసుకోవచ్చు. కాలు జారితే కేక పెట్టొచ్చు. ఎర్ర బల్బు పెట్టిన రోజున నిశ్శబ్దం నా స్విచ్చికి వచ్చేసింది. అంతకన్నా పెద్ద సంగతి, ‘చప్పుడు చెయ్యకూడదు’ అన్నానే గానీ ‘పడిపోతే తప్ప’ అనలేదు. అనక్కర్లేదనుకున్నా. అది ఎవరికైనా తెలుస్తుందనుకున్నా. మినహాయింపులు వాటంతటవే అర్థమవుతాయనుకోవడం, మాట చెప్పేవాడికి ఉన్న సుఖం. వినేవాళ్లు, అందులోనూ ఆధారపడి బతికేవాళ్లు, మినహాయింపులని తామే కల్పించుకునే ధైర్యం చెయ్యరు. మాటని చివరిదాకా పాటిస్తారు. నేను చెప్పిన దానికంటే ఎక్కువే పాటిస్తారు. ఎంతవరకో చెప్పకపోతే అంతా అనే అర్థం.

మామ్మ నాకు భయపడి ఊరుకోలేదు, అది నాకు తెలుసు. మనవడి పని పాడవకూడదని ఊరుకుంది. అడిగితే ఇప్పటికీ “ఏం కొంప మునిగిందిరా, కాసేపు కూర్చున్నాను” అంటుంది. ప్రేమతో ఇచ్చింది కాబట్టి తీసుకోవచ్చా? ప్రేమతో ఇచ్చేవాళ్ల దగ్గరే ఎంత తీసుకుంటున్నామో ఎక్కువ చూసుకోవాలేమో. కూలికొచ్చిన పెద్దాయన్ని ఇంకో రెండు గంటలు ఆపితే ఆయనే అనేవాడు, ‘బాబూ, చీకటడిపోద్దండి’ అని.

ఎడిటింగు సాఫ్టువేరులో నాయిస్ ప్రొఫైల్ అని ఒకటుంటుంది. ఎవరూ మాట్లాడని ముక్క ఒకటి ఎంచి చూపిస్తే, దాంట్లో ఉన్నదంతా అక్కర్లేని చప్పుడని గుర్తుపెట్టుకుని, మొత్తం ఫైల్లోంచి తగ్గించేస్తుంది. ఫ్యాను మోత, ఫ్రిజ్ గుర్రు లాంటి నిలకడ మోతలకి బాగా పనిచేస్తుంది. ధబ్బున వచ్చిపోయేవాటికి కత్తెరే గతి. ఏది అక్కర్లేనిదో దానికదే తెలుసుకోదు, మనం వేలు పెట్టి చూపించాలి. తెలుగులో దీనికి ఎన్ని మాటలున్నాయో ఆ రాత్రి లెక్కపెట్టుకున్నా. చప్పుడు, సద్దు, సవ్వడి, అలికిడి, మోత, రొద, గోల. అలికిడి అంటే మనిషి ఉన్నట్టు తెలిపే చప్పుడు. దొంగ వచ్చినా, చుట్టం వచ్చినా, మామ్మ లేచినా అలికిడే. నేను నెలల తరబడి రొద అని తీసేసినదాంట్లో చాలా భాగం అలికిడి.

ఆసుపత్రి నుంచి వచ్చిన మూడో రోజు వీడియో పెట్టేశాను. చప్పుడు కోసేసి. స్పాన్సరు లేడు, గడువు లేదు, పెట్టకపోతే అడిగేవాడూ లేడు. అయినా పెట్టాను. వాక్యం రెండోసారి బాగా వచ్చింది కాబట్టి. దీనికి నా దగ్గర ఇంతకంటే మంచి కారణం లేదు.

పల్లె వీడియోలు చేసేవాళ్లు చాలామంది దీన్ని తేలిగ్గా దాటేశారు. కంట్రీ ఫుడ్స్‌లో నూరేళ్లు దాటిన మస్తానమ్మగారు ఆరుబయట వండుతుంటే పుల్లల చిటపటలు, కాకులు, అన్నీ ఉండేవి. జనం వాటికోసమే చూశారు. మన ఇంటి చప్పుళ్లకి ఇంత గిరాకీ ఉందని తెలిసి, మామ్మనే వీడియోల్లో పెట్టరాదూ అని స్నేహితుడు సలహా ఇచ్చాడు. ఆవిడ నోరు మూయించడం తప్పయితే, ఆవిడ నోటిని అమ్ముకోవడం ఒప్పయిపోతుందా? అడిగితే మామ్మ సరే అంటుంది. నేనేం అడిగినా సరే అంటుంది. అందుకే అడగలేదు.

బల్బు తీసేశాను. ఇప్పుడు తలుపు తీసే రికార్డు చేస్తున్నా. అమ్మ పక్కింటికి వెళ్లడం మానలేదు, అలవాటైపోయిందంటుంది, నిజమో కాదో నాకు తెలీదు. కోళ్లు వస్తున్నాయి, గిన్నెలు వస్తున్నాయి. మంచి మైకు కొనుక్కోమని మొన్న ఒకరు రాశారు. ఒకే ఒక్క ఇబ్బంది మిగిలింది. నేను గదిలోకి వెళ్లి కుర్చీలో కూర్చోగానే మామ్మ మాట్లాడటం ఆపేస్తుంది. బల్బు లేదు కదా మామ్మా, చూడు, సాకెట్టు కూడా పీకేశాను అని చూపించాను. చూసింది. తలూపింది. మర్నాడు మూడింటికి నేను కుర్చీ లాక్కున్న చప్పుడు ఆవిడకి వినపడి ఉండదు గానీ, వసారాలోంచి నన్ను చూసి, అమ్మతో చెబుతున్న మాట మధ్యలో ఆపి, వేలు పెదాల మీద పెట్టుకుంది.

రోజూ రెండు మూడు నిమిషాలు కూర్చుంటున్నా, రికార్డు బటన్ నొక్కకుండా. ఆవిడ మళ్లీ ఎప్పుడు మొదలుపెడుతుందా అని.